మంచం కింద వైరు

"నాకు మోకాళ్ళ డాక్టరుగారు కావాలమ్మా, పోయినసారి చూశారే, ఆయనే. పొద్దున్నపూట అయితే మా మనవరాలు తీసుకొస్తుంది..." అని అవతలి పెద్దావిడ చెబుతూండగానే గొంతు బొంగురుపోయి, ముక్కలై, ఆగిపోయింది.

"హలో అండీ, వినపడుతోందా? హలో!" అంటూ కోడలు హెడ్‌సెట్‌ని చెవికేసి అదుముకుంది. ఏం వినపడుతుంది, నా మొహం! స్క్రీన్ కింది మూలన ఉండే చిన్న బొమ్మ మీద ఎర్రటి ఇంటూ గుర్తు వచ్చి కూర్చుంది.

ఆమెది ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం. కొన్ని ఆసుపత్రులకి వచ్చే ఫోన్లన్నీ ఒక కంపెనీ తీసుకుని, ఇలా ఇళ్ళలో కూర్చున్నవాళ్ళకి పంచుతుంది. ఎవరికి ఏ డాక్టరు కావాలో, ఏ పూట కావాలో అడిగి ఎక్కించాలి. పని తేలికే, షరతులే ప్రాణాలు తోడేస్తాయి. కంప్యూటరుకి ఇంటర్నెట్ వైరులోంచే రావాలి. గాల్లోంచి పట్టుకునేది, ఫోన్లోంచి పంచుకునేది పనికిరాదు. డ్యూటీ మధ్యలో లైన్ పోతే మనిషి సీట్లోంచి లేచి వెళ్ళిపోయినట్టే లెక్క. మొదటి మూడు నెలల్లో మాటిమాటికీ అలా జరిగితే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ మూడు నెలలు ఈ శనివారంతో పూర్తవుతాయి. ఇవాళ మంగళవారం. భర్త పనిచేసే గోడౌన్‌లో షిఫ్టులు సగానికి సగం కోసేశాక, ఇల్లు నడుస్తున్నది ఈ హెడ్‌సెట్ మీదే.

ఆమె టేబుల్ వెనక్కి దూరి, కంప్యూటర్ పెట్టె వీపున ఉన్న వైరు పీకి, మళ్ళీ గుచ్చింది. టిక్కుమని చప్పుడైతే అయింది కానీ, ఆ రంధ్రం పక్కన ఎప్పుడూ మిణుకుమనే పచ్చ దీపం వెలగలేదు.

"ఏమ్మా, బండి ఆగిందా?" అన్నారు మంచం మీద నుంచి మామగారు.

"ఆగింది మావయ్యా."

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన సిటీ బస్సు నడిపారు. రిటైరైనా ఆయనకి కదిలేదీ తిరిగేదీ చప్పుడు చేసేదీ అంతా బండే. మిక్సీ బండే, ఫ్యాను బండే, ఈ కంప్యూటరూ బండే. ఉన్నవి రెండు గదులు. ఒకటి ఆయనది. ఆ గదిలోనే, ఆయన మంచం కాళ్ళవైపు, గోడకి ఆనించి కంప్యూటర్ టేబుల్ వేశారు. బయటి గదిలో గోడకున్న రూటరు నుంచి వైరు గుమ్మం వారగా వచ్చి, మంచం కిందుగా వెళ్ళి, టేబుల్ వెనకాల పైకి ఎక్కుతుంది. టేబుల్ వేసిన రోజు ఆయనే మంచాన్ని గోడకి జరిపి, "నాకెంత చోటు కావాలమ్మా, నడుం వాల్చడానికేగా" అన్నారు.

వంటగదిలోకి వెళ్ళి ఫోన్ తీసేసరికి టీమ్ లీడర్ ఫోన్ రానే వచ్చింది. ఆ పిల్ల గొంతులో ఎప్పుడూ తేనే. "మేడమ్, మళ్ళీ మీ సీటు ఎర్రగా చూపిస్తోంది. పోయినవారం ఒకసారి చెప్పాను కదండీ. నా చేతుల్లో ఏమీ ఉండదు, సిస్టమే చూసుకుంటుంది, పైకి పంపించేస్తుంది. మీరే ఏదో ఒకటి చేసుకోవాలి."

"చేస్తానండీ, ఇప్పుడే మనిషిని పిలుస్తున్నా" అని పెట్టేసి, ఫోన్‌లో నంబరు వెతికింది.

పిలవాల్సిన మనిషి ఒక్కడే. రెండు వీధుల అవతల ఉండే మెకానిక్. ఏ కంప్యూటర్ చూసినా ముందు "రీస్టార్ట్ చేశారా?" అని అడుగుతాడు కాబట్టి, అందరూ అతన్ని రీస్టార్ట్ అనే పిలుస్తారు. అతనికీ ఆ సంగతి తెలుసు, పట్టించుకోడు. సాయంత్రం వస్తానన్నాడు.

ఆమె గదిలోకి తిరిగొచ్చేసరికి మామగారు కంప్యూటర్ ఆపేసి, ప్లగ్గు కూడా పీకేసి, మెత్తటి పాత బనీను గుడ్డతో పెట్టెని తుడుస్తున్నారు. వెనకాల జల్లెడలా ఉండే బొక్కల్లో దుమ్ముని నోటితో ఉఫ్‌మని ఊదుతున్నారు. ఆ దుమ్ము పోయి ఆయన కళ్ళజోడు మీదే పడింది.

"మీకెందుకు మావయ్యా ఈ శ్రమ!"

"శ్రమేముంది. డిపోలో మెకానిక్ చేతికి బండి ఇచ్చేముందు కడిగి, చల్లారనిచ్చి, అప్పుడు ఇచ్చేవాళ్ళం. వేడి ఇంజిన్ చూపిస్తే తిట్టిపోసేవాడు మా పెద్ద మేస్త్రీ. అది బండికీ మర్యాద, పనివాడికీ మర్యాద" అన్నారు ఆయన.

సాయంత్రం మెకానిక్ వచ్చి, వేలు పెట్టి పెట్టె మీద గీత గీసి చూసుకుని, "అబ్బో, పెళ్ళిచూపులకి ముస్తాబు చేసినట్టున్నారే" అన్నాడు. ప్లగ్గు పెట్టాడు. స్విచ్ నొక్కాడు. పచ్చ దీపం నిక్షేపంలా వెలిగింది. అతను కాసేపు ఏవో పేజీలు తెరిచి మూశాడు, ఒక పాట కూడా పెట్టి విన్నాడు. ఎక్కడా ఆగలేదు.

"బ్రహ్మాండంగా ఉందమ్మా. వైరు కొస లూజైందేమో, ఎందుకైనా మంచిది, కొత్తది వేసేస్తున్నా." పాత వైరు చుట్ట చుట్టి పట్టుకుపోయాడు.

బుధవారం పొద్దున్నంతా లైన్ ఒక్కసారీ పోలేదు. ఆమె భుజాలు కొంచెం కిందికి దిగాయి. కాల్ తర్వాత కాల్. చెవినొప్పి ఒకరికి, పంటినొప్పి ఒకరికి, ఏ నొప్పీ లేకపోయినా ఊరికే పెద్ద డాక్టరుకి చూపించుకోవాలని ఒకాయనకి. ఎండ కిటికీలోంచి దిగి టేబుల్ కాళ్ళ దాకా వచ్చింది. పసిబిడ్డకి జ్వరమని ఒక తల్లి కంగారు కంగారుగా చెబుతోంది. "బాబు వయసెంతండీ?" అని ఆమె అడిగింది. జవాబు రాలేదు. కింది మూలన ఎర్ర ఇంటూ.

కుర్చీని చటుక్కున వెనక్కి తిప్పింది. మామగారు పక్కకి ఒత్తిగిలి నిద్రపోతున్నారు. ఆయన కుడికాలు మంచం మీద నుంచి జారి కిందికి వేలాడుతోంది. మడమ సరిగ్గా వైరు మీద ఆనుకుని ఉంది.

ఆమె ఆ కాలినే చూస్తూ ఉండిపోయింది. ఆయన లేచారు. ఆమె చూపు ఎక్కడుందో చూశారు. గబుక్కున కాలు పైకి తీసుకున్నారు.

"మళ్ళీనా?"

"మళ్ళీనే."

ఈసారి ఫోన్‌లో టీమ్ లీడర్ గొంతులోని తేనెలో చేదు కలిసింది. "ఇంకొక్కసారి అయితే మేడమ్, నేను ఫోన్ కూడా చెయ్యను. సీటు తీసేసినట్టు మీకు మెయిల్ వచ్చేస్తుంది." ఆమె వంటగదిలో గోడవైపు తిరిగి, "అర్థమైందండీ, అర్థమైంది" అంటూ ఉండగా, గదిలో మామగారు మళ్ళీ ప్లగ్గు పీకి, మళ్ళీ తుడిచి, ఈసారి తన టేబుల్ ఫ్యాన్ కూడా పెట్టె వైపు తిప్పి ఉంచారు. మెకానిక్ వచ్చేసరికి పెట్టె కుండలో నీళ్ళలా చల్లగా ఉంది. స్విచ్ వేశాడు, పచ్చ దీపం వెలిగింది. పెట్టెలో వైరు గుచ్చే కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించాడు. రూటరులో వైరుకి రంధ్రం మార్చాడు. ఏదీ తప్పు చూపించలేదు. అతనికీ చిరాకు వేసినట్టుంది. వెళ్ళేటప్పుడు మెట్ల మీద ఆగి, గొంతు తగ్గించాడు.

"నేను చెప్పానని కాదు గానీ, ఇలాంటివి చాలా ఇళ్ళల్లో చూశానమ్మా. మిషన్‌లో ఏం లేదు. ఇంట్లో ఎవరో వైరు కదుపుతున్నారు. తెలిసో, తెలియకో."

తెలిసో, తెలియకో. ఆ రెండు మాటలు ఆమెని పట్టుకుని వదల్లేదు. సాయంత్రం ఆరిన బట్టలు మడతపెడుతుంటే గుర్తొచ్చింది, పోయిన నెల ఒకరోజు మామగారు నవ్వుతూనే అన్నారు, "ఈ బండి ఇంజిన్ ఆగదేంటమ్మా, మధ్యాహ్నం కన్ను మూతపడనివ్వదు" అని. అప్పుడు తనూ నవ్వింది. ఇప్పుడు ఆ మాటని తిప్పి తిప్పి చూస్తే నవ్వులాటలా లేదు. ఛీ, ఏంటీ ఆలోచన అని తన్ను తానే కసురుకుంది. కసురుకున్నా పోలేదు.

భర్త పని నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటుండగా చెప్పింది.

"ఏంటి, మా నాన్న కావాలని పీకుతున్నాడంటావా?" అన్నాడతను.

"కావాలని అన్నానా నేను? కాలు తగులుతోందేమో అంటున్నా."

"అయితే నువ్వే చెప్పు. నన్ను ఇరికించకు." బూట్లు మూలకి విసిరేశాడు. అతనికి తండ్రిని ఏమీ అనలేని పిరికితనం. ఆమెకి కోపం వచ్చింది. ఆ కోపం భర్త మీద నిలవకుండా మామగారి మీదికి పోయింది. అన్యాయమని ఆమెకీ తెలుస్తూనే ఉంది, కానీ ఆగలేదు.

గురువారం పొద్దున్న, డ్యూటీకి కూర్చునే ముందు, టీ గ్లాసు ఆయన చేతికిచ్చి గుమ్మంలోనే నిలబడింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"మావయ్యా, ఈ రెండు రోజులూ... శనివారం దాకా... నా డ్యూటీ అయ్యేవరకు మీరు కాస్త బయట కూర్చుంటారా? అంటే, వైరు మంచం కిందుగా ఉంది కదా. నిద్దట్లో కాలు తగిలినా..."

ఆయన టీ గ్లాసులోకే చూశారు. కాదనలేదు. నా కాలెందుకు తగులుతుంది అనలేదు. ఆమె ఆ మాట కోసమే ఎదురుచూసింది. ఆయన అలా అంటే గట్టిగా వాదిద్దామనుకుంది.

"సరేలే తల్లీ. నీ ఉద్యోగం కంటే నా నిద్ర ఎక్కువా" అని, తువ్వాలు భుజాన వేసుకుని, కళ్ళజోడు జేబులో పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు. ఆమె గది తలుపు లోపల గడియ పెట్టుకుంది. పెట్టుకున్నాక చెయ్యి గడియ మీదే కాసేపు ఉండిపోయింది. ఒప్పుకున్నట్టే కదా ఆయన, అని గట్టిగా అనుకుంది.

ఆ రోజు ఎండ ముందే ముదిరింది. ఫోన్లు ఎక్కువ. ఆమె మంచినీళ్ళకి కూడా లేవలేదు. ప్రతి కాల్ మధ్యలో కళ్ళు కింది మూలకే పోతున్నాయి. ఎర్రగా లేదు. ఎర్రగా లేదు. చూశావా, మనిషి లేకపోతే బాగానే ఉంది, అనుకుంటుండగా, కంటి ఆపరేషన్ గురించి అడుగుతున్న ఒక మాస్టారి గొంతు గరగరలాడి, ముక్కలై, ఆగింది.

ఎర్ర ఇంటూ.

ఆమె వెనక్కి తిరిగింది. మంచం ఖాళీ. దుప్పటి మడత చెదరలేదు. తలుపుకి తను పెట్టిన గడియ అలాగే ఉంది. వంగి మంచం కిందికి చూసింది. వైరు నేల మీద కదలకుండా పడి ఉంది. గదిలో ఉన్నది తనొక్కతే. ఉద్యోగం పోయిందన్న భయం ఒక పక్క, ఇంకా పేరు పెట్టుకోలేని భయం ఇంకో పక్క. ఫోన్ అందుకుని మెకానిక్‌కి చేసింది.

అదృష్టం, మెకానిక్ పక్క వీధిలోనే ఎవరింట్లోనో ఉన్నాడు. "ఉన్నపళంగా రండి, ప్లీజ్" అంటే నిజంగానే పరిగెత్తుకొచ్చాడు. కంప్యూటర్ ఇంకా నడుస్తూనే ఉంది. ఆపేవాళ్ళు, తుడిచేవాళ్ళు, చల్లార్చేవాళ్ళు ఎవరూ లేరు. అతను పెట్టె మీద చెయ్యి వేసి, "ఇదేంటి ఇంత కాలిపోతోంది!" అన్నాడు. పక్క రేకు ఊడదీశాడు. వైరు గుచ్చే రంధ్రం వెనక, పెద్ద బోర్డుకే అతికించి ఉన్న చిన్న నల్లటి చిప్పు మీద చూపుడువేలు పెట్టి, "అబ్బా" అని వెనక్కి లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు.

తర్వాత మామగారి టేబుల్ ఫ్యాన్ తీసుకొచ్చి ఆ చిప్పుకి ఎదురుగా పెట్టి తిప్పాడు. ఇద్దరూ నేల మీద కూర్చుని చూస్తూ ఉన్నారు, ఆమె ఫోన్‌లో వీడియో తీస్తోంది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత పచ్చ దీపం ఒకసారి మిణుకుమంది, ఆగింది, మళ్ళీ వెలిగి నిలబడింది. ఫ్యాన్ ఆపాడు. కొంతసేపటికి దీపం ఆరిపోయింది. మళ్ళీ ఫ్యాన్. మళ్ళీ దీపం.

"దొరికిందమ్మా దొంగ! వైరూ కాదు, రూటరూ కాదు. ఈ చిప్పు చచ్చిపోతోంది. వేడెక్కితే మూర్ఛపోతుంది, చల్లారితే లేస్తుంది." అతను తల గోక్కున్నాడు. "మరి మొన్న, నిన్న నేనొచ్చేసరికి ఆపేసి, మంచులా ఉందే! ఎవరు ఆపారు?"

"మావయ్య" అంది ఆమె. "మెకానిక్ చేతికి చల్లటి బండే ఇవ్వాలని. వాళ్ళ డిపోలో అలాగేనట."

మెకానిక్ పడీ పడీ నవ్వాడు. "పెద్దాయన మర్యాద మన కొంప ముంచింది! నాకోసం తుడిచి పెట్టి, జబ్బుని నాకే కనపడకుండా చేశాడు." ఆమె నవ్వకపోయేసరికి అతని నవ్వూ ఆగిపోయింది. మెట్ల మీద తను అన్న మాట గుర్తొచ్చిందేమో, స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ, "నిన్న నేనూ నోరు జారాన్లెండి" అన్నాడు.

సంచీలోంచి వేరే నెట్‌వర్క్ కార్డు తీసి ఖాళీ స్లాట్‌లో నొక్కి బిగించాడు. కంప్యూటర్ లేచేటప్పుడు సెట్టింగులుండే నీలం తెరలోకి వెళ్ళి, బోర్డులో పుట్టిన పాత కార్డుని నిద్రపుచ్చాడు. వైరు కొత్త రంధ్రంలో పెట్టగానే దీపం వెలిగింది. ఆమె గబగబా కంపెనీ సాఫ్ట్‌వేర్ తెరిచింది. అది గుర్రుమని, ఈ కంప్యూటర్ ఎవరిదో మాకు తెలియదు పొమ్మంది. కార్డు మారితే దాని లెక్కలో ఇల్లే మారిపోయినట్టు. టీమ్ లీడర్‌కి తనే ఫోన్ చేసింది.

"మెయిల్ తయారైపోయింది మేడమ్..."

"ఒక్క నిమిషం వినండి. వీడియో తీశాను. ఫ్యాన్ పెడితే లైన్ వస్తోంది, తీస్తే పోతోంది. కార్డు మార్చాం. నేను సీట్లోంచి లేవలేదండీ, ఒక్కసారి కూడా లేవలేదు." చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. ఏడవకూడదనే అనుకుంది.

అవతల చాలాసేపు కీబోర్డు టకటకలు వినిపించాయి. "మా అమ్మ కూడా మీలాగే ఏడుస్తూ మాట్లాడుతుందండీ" అంది ఆ పిల్ల, ఈసారి మామూలు గొంతుతో. "కొత్త కార్డు ఎక్కించాను. లాగిన్ అవ్వండి. మెయిల్ ఆపుతున్నా. మళ్ళీ మాత్రం నావల్ల కాదు."

సాయంత్రం దాకా ఒక్కసారీ ఆగలేదు. డ్యూటీ అవ్వగానే చెప్పులేసుకుని బయటపడింది. మామగారు వీధి చివర బస్టాపులో, బెంచీ కొసన కూర్చుని ఉన్నారు. వచ్చే బస్సునీ పోయే బస్సునీ చూస్తున్నారు.

"చూశావా, క్లచ్ మీదే కాలేసి పడుకున్నాడు ఆ డ్రైవరు. ప్లేట్లు మాడిపోవూ?" అన్నారు ఆమెని చూడగానే.

ఆమె పక్కన కూర్చుంది. "మావయ్యా, లైన్ బాగైంది. లోపల ఒక చిప్పు వేడెక్కి ఆగిపోతోందట. మీ కాలు కాదు. అసలు వైరే కాదు. మీరు లేనప్పుడే పోయింది ఇవాళ. నేనే తప్పుగా అనుకున్నాను, నన్ను క్షమించండి."

"ఛ, అవేం మాటలు."

"నిజంగా మావయ్యా. మీరు చల్లార్చి పెట్టడం వల్ల అతనికి దొరకలేదు, అంతే."

"వేడి మీదే చూపించాలా? చిత్రంగా ఉందే ఈ బండి" అని నవ్వారు. తర్వాత ఆమె తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు మంచిదానివి తల్లీ. పద, ఇంటికెళ్దాం" అన్నారు. ఆమెకి గుండెల మీద బరువు దిగినట్టే అయింది. ఆయన క్షమించేశారనుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఆయన గది గుమ్మంలో నిలబడి, "పడుకోనా అమ్మాయ్?" అని అడిగారు.

"మీ గదికి నన్నడుగుతారేంటి మావయ్యా!" అంది ఆమె, హెడ్‌సెట్ మైకుని చేత్తో మూసి. ఆయన మెల్లిగా లోపలికి వచ్చారు. మంచం కిర్రుమంది. వెనకాల ఏదో గుడ్డ సర్దుకుంటున్న చప్పుడైంది. ఆమె తిరిగి చూడలేదు, ఫోన్లు వరసగా వస్తున్నాయి. ఎండ టేబుల్ కాళ్ళు దాటి కుర్చీ దాకా పాకింది. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

రెండు కాల్స్ మధ్య దొరికిన సందులో, మెడ పట్టేసిందని కుర్చీ తిప్పింది. మామగారు వెల్లకిలా నిద్రపోతున్నారు. పాదాలు రెండూ దగ్గరగా చేర్చి ఉన్నాయి. తువ్వాలు మెలిపెట్టి, చీలమండల చుట్టూ తిప్పి, మంచం ఇనప ఊచకి కట్టేసుకున్నారు.

అప్పుడే హెడ్‌సెట్‌లో కాల్ కుయ్యిమంది. "నమస్కారం అండీ, ఏ డాక్టరుగారు కావాలండీ?" అంది ఆమె. ఏ పూటకి, ఎవరి పేరు మీద, అన్నీ అడిగింది, అన్నీ ఎక్కించింది. కళ్ళు మసకబారి అక్షరాలు కనపడకపోతే, మళ్ళీ చెప్పమని అడిగి ఎక్కించింది. నిన్న బస్టాపులో చెప్పిన ఒక్క మాటా ఆయన నమ్మలేదని, కోడలు మర్యాదకి అంటోందని అనుకున్నారని ఆమెకి ఇప్పుడు తెలిసింది.

విరామం గుర్తు రాగానే హెడ్‌సెట్ తీసేసి మంచం దగ్గర నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. ముడి బిగుసుకుపోయి ఉంది. చీలమండ మీద ఎర్రటి ఒరిపిడి. దాని పక్కనే కమిలి నల్లబడ్డ ఇంకో గీత. అంటే ఇవాళే కాదు. బుధవారం తన చూపు ఆయన కాలి మీద పడినప్పటి నుంచి, కాలు కదలకుండా అలవాటు కావాలని, రాత్రిళ్ళు కూడా ఇలాగే పడుకుంటున్నారన్నమాట. ఎవరికీ చెప్పకుండా. ఆమె భర్తని, మెకానిక్‌ని, అందర్నీ వదిలేసి తన్ను తానే తిట్టుకుంది. గోళ్ళతో ముడిని పట్టుకుని లాగింది.

మంచం కదిలింది. మామగారు ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, తల ఎత్తబోయారు.

"పోయిందా? నేను కదల్లేదమ్మా. కట్టేసుకునే ఉన్నా చూడు."

"లేదు మావయ్యా, పోలేదు. పడుకోండి" అంది ఆమె. ముడి ఇంకా రాలేదు. తల వంచి, పంటితో పట్టుకుంది.